ఫ్రీయే అయ్యగారు!

పోయిన క్రిస్మస్‌కు ముందు జగిత్యాలలో మా అమ్మమ్మ వాళ్ళ చర్చికి ఎవరో ఒక పాత లాప్‌టాప్ ఇచ్చారు. పాటల పదాలు ప్రొజెక్టర్‌తో గోడ మీద చూపించాలని ప్లాన్. "మావోడు కంప్యూటరే చదువుతున్నడు, వానికియ్యండి" అని అమ్మమ్మ నన్ను ముందుకు తోసింది. కోరుట్లలో మా ఇంటికి తెచ్చుకుని ఒక్క రాత్రిలో అన్నీ ఎక్కించేశాను. స్లైడ్ల సాఫ్ట్‌వేర్, తెలుగు ఫాంట్లు, పోస్టర్ల కోసం ఫోటో ఎడిటర్. అన్నీ క్రాక్ వెర్షన్లే.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారు లెక్కల పుస్తకం తీశారు.

"వీటికి ఎంతయింది బిడ్డా? చర్చి ఖర్చుల రాస్త."

"ఫ్రీయే అయ్యగారు."

"దేవుడు నిన్ను దీవించును గాక" అని నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

ఆ దీవెన నాకు ముల్లులా గుచ్చుకుంది. మర్నాడు సిరిసిల్ల బస్సులో కూర్చుని ఒకటే ఆలోచన. నేను చేసింది నిజంగా పాపమేనా? సెలవుల తర్వాత బైబిల్ తీసి సీరియస్‌గా వెతికాను. నాకు అర్థమైనంతలో మీకు చెప్తాను.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. బైబిల్లో కాపీరైట్ అనే మాటే లేదు. ఉండే అవకాశం కూడా లేదు, ఎందుకంటే ప్రపంచంలో మొదటి కాపీరైట్ చట్టం ఇంగ్లండ్‌లో 1710లో వచ్చింది. బైబిల్ కూడా వందల ఏళ్ళు చేత్తో కాపీ చేస్తేనే మన దాకా వచ్చింది. కాబట్టి "ఫలానా వచనంలో పైరసీ పాపమని రాసి ఉంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడ ఉన్నది పది ఆజ్ఞల్లో దొంగతనం గురించిన ఆజ్ఞ. ప్రొటెస్టెంట్లలో చాలామంది దాన్ని ఎనిమిదో ఆజ్ఞ అంటారు, కతోలికులు ఏడోది అంటారు. లెక్క వేరు, ఆజ్ఞ ఒకటే.

అయితే కాపీ చేయడం దొంగతనమేనా? నేను సైకిల్ ఎత్తుకెళ్తే మీకు సైకిల్ ఉండదు. సాఫ్ట్‌వేర్ కాపీ చేస్తే కంపెనీ దగ్గర అది అలాగే ఉంటుంది. మన హాస్టల్లో అందరూ చెప్పే పాయింట్ ఇదే. కానీ కతోలికుల సత్యోపదేశ గ్రంథం 2408వ పేరాలో దొంగతనాన్ని యజమాని ఇష్టం వైపు నుంచి చూస్తుంది. న్యాయమైన అతని ఇష్టానికి విరుద్ధంగా అతని సొత్తును వాడుకుంటే అది దొంగతనమే. వస్తువు అతని దగ్గర మిగిలిందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఖాళీ సీటే కదా అని టికెట్ లేకుండా బస్సెక్కితే సీటేం అరిగిపోదు. అయినా కండక్టర్ ఊరుకోడు కదా!

రెండోది కూలి. సిరిసిల్లలో సాంచాల చప్పుడు వినని వీధి తక్కువ. సాంచ నడిపే మనిషికి నేసిన బట్టను బట్టి కూలి. ఆ బట్ట తీసుకుని కూలి ఎగ్గొడితే మనం ఏమంటాం? యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో పొలం కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి దేవుడికి మొరపెడుతుందని ఉంది. రెండేళ్ళయితే నేనూ కోడ్ రాసి బతకాల్సినవాణ్ణే. నా కూలి సంగతి అప్పుడు గుర్తొస్తుంది కాబోలు!

మూడోది చట్టం. పాలించే అధికారులకు లోబడాలని రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం చెప్తుంది. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచన కింద లెక్కేస్తుంది. అంటే మన క్లబ్‌లో కవిత రాసినవాడూ, ల్యాబ్‌లో కోడ్ రాసినవాడూ చట్టం ముందు ఒకే వరసలో ఉన్నారు. అదే చట్టంలో 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారం కోసమో వాడకపోతే కోర్టు జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదిలేయొచ్చు.

ఇప్పుడు మన సాకులు. "అది కోట్ల కంపెనీ, దానికేం నష్టం?" లేవీయకాండము 19:15 ప్రకారం న్యాయం చెప్పేటప్పుడు పేదవాడని మొగ్గకూడదు, గొప్పవాడని వంగకూడదు. "నా దగ్గర పైసల్లేవు." ఈ సాకులో కొంచెం బలం ఉంది. ఆకలితో దొంగిలించినవాణ్ణి జనం అసహ్యించుకోరని సామెతలు 6వ అధ్యాయంలోనే ఉంది. కానీ ఆ వెంటనే, దొరికితే ఏడింతలు కట్టాలని కూడా ఉంది. పైగా ఫోటో ఎడిటర్ లేకపోతే ఎవరి కడుపూ మాడదు.

"సువార్త ఉచితం, మరి సాఫ్ట్‌వేర్ ఎందుకు కాదు?" ఉచితంగా పొందారు, ఉచితంగా ఇవ్వండి అని యేసు శిష్యులకు చెప్పిన మాట మత్తయి 10లో నిజంగానే ఉంది. కానీ అది ఇచ్చేవాడికి చెప్పింది, తీసుకునేవాడికి కాదు. అలా ఇచ్చేవాళ్ళు మన ఫీల్డ్‌లో బోలెడంత మంది ఉన్నారు. లిబ్రెఆఫీస్, గింప్, ఇంక్‌స్కేప్ అలా వచ్చినవే. చర్చి పాటల కోసమే ఓపెన్‌ఎల్‌పీ అని ఒకటుంది. మండలి, రామభద్ర, సురన్న లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్స్‌తో దొరుకుతాయి. ఇన్ని ఉన్నాక నా "పైసల్లేవు" సాకు నిలబడలేదు.

కాబట్టి నా జవాబు: అవును, పాపమే. నా విషయంలో కాపీ కంటే పెద్దది "ఫ్రీయే" అన్న అబద్ధం. అది దేవుని మందిరంలో, లెక్కల పుస్తకం ముందు ఆడాను.

క్రైస్తవంలో పశ్చాత్తాపం అంటే ఊరికే బాధపడటం కాదు. లూకా 19లో పన్ను వసూలుదారు జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. నేను నాలుగింతలు కట్టలేను. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళి అన్నీ తీసేసి ఓపెన్‌ఎల్‌పీ ఎక్కించాను. పాత ఫాంట్లలో కొట్టిన పాటలు కొత్త ఫాంట్లలో పిచ్చి గుర్తుల్లా కనిపించాయి. యూనికోడ్ కాదు మరి. యాభై మూడు పాటలు మళ్ళీ మొదటి నుంచి కొట్టాను.

తర్వాత పాస్టర్ గారికి జరిగింది చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత, "ఇప్పుడున్నది నిజంగా ఫ్రీయేనా బిడ్డా?" అని అడిగారు.

"ఫ్రీయే అయ్యగారు. వాళ్ళే ఇచ్చిన్రు."

ఈసారి తల దించుకోలేదు. కానీ నా సొంత లాప్‌టాప్‌లో వీడియో ఎడిటర్ ఇంకా క్రాక్‌దే. ఈ వ్యాసం పంపేలోపు అదీ తీసేయాలి.