టికెట్ కొని సముద్రంలో గాలం

సొంత పడవ లేనివాళ్లు కూడా సముద్రంలోకి వెళ్లి గాలం వేసి రావడానికి అమెరికా తీరమంతటా ఉన్న ఏర్పాటు పార్టీ బోటు. పేరు చూసి విందులూ చిందులూ అనుకోనక్కర్లేదు. మనిషికింత అని టికెట్ పెట్టి, రేవుకి వచ్చినవాళ్లను వచ్చినట్టు ఎక్కించుకుని, చేపలున్న చోటికి తీసుకెళ్లి, మళ్లీ ఒడ్డున దింపే పడవ ఇది. పడవ మొత్తాన్ని మాట్లాడుకునే చార్టర్ బోటు అద్దె కారు లాంటిదైతే, ఇది ఆర్టీసీ బస్సు. చార్టర్‌లో సాధారణంగా ఆరుగురికి మించి ఎక్కరు. పార్టీ బోటు రెయిలింగు పొడవునా ముప్ఫై నలభై మంది భుజం భుజం రాసుకుంటూ నిలబడతారు. పెద్ద పడవల్లో ఇంకా ఎక్కువే.

న్యూయార్క్ నగరంలోనే, బ్రూక్లిన్ దక్షిణపు అంచున షీప్స్‌హెడ్ బే అనే రేవు ఉంది. ఎమన్స్ అవెన్యూ పక్కన వరుసగా కట్టి ఉండే ఈ పడవల దగ్గరికి సిటీ రైలు దిగి నడిచి రావచ్చు. లాంగ్ ఐలండ్ తూర్పు కొసన మాంటాక్, న్యూజెర్సీలో బెల్మార్, పాయింట్ ప్లెజెంట్ కూడా ఇలాంటి రేవులే. పడమటి తీరంలో శాన్ డియేగో పద్ధతి వేరు. అక్కడి పెద్ద పడవలు ట్యూనా కోసం మెక్సికో జలాల్లోకి రోజుల తరబడి, కొన్ని వారాల తరబడి వెళ్తాయి.

తూర్పు తీరంలో ఈ వేటకు వేసవే అసలు కాలం. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మరబోట్లు వేట నిషేధంతో రేవులో కట్టేసి ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే న్యూయార్క్, న్యూజెర్సీ బోట్లకు సందడి మొదలవుతుంది. అక్కడి సమ్మర్ ఫ్లౌండర్, పోర్గీ, బ్లాక్ సీ బాస్ చలికాలమంతా ఒడ్డుకు చాలా దూరంలో లోతు నీళ్లలో గడిపి, నీళ్లు వెచ్చబడేకొద్దీ తీరం దగ్గరికి వస్తాయి. ఆకురాలే కాలంలో మళ్లీ లోతుకి పోతాయి. సగంరోజు టికెట్‌తో నాలుగైదు గంటల్లో వెళ్లి రావడం సాధ్యమయ్యేది చేపలు ఇలా దగ్గరగా ఉన్నప్పుడే. ఎర సాధారణంగా టికెట్‌లోనే కలిసి ఉంటుంది. రాడ్, రీల్ లేనివాళ్లకు అద్దెకిస్తారు.

వేసవిలో జనం ఎక్కువగా ఆశపడేది సమ్మర్ ఫ్లౌండర్ మీద. రేవుల్లో దాన్ని ఫ్లూక్ అంటారు. బల్లపరుపుగా, ఒక పక్కకి ఒరిగి ఇసుకలో కూరుకుని పడుకునే చేప ఇది. గుడ్డు నుంచి బయటపడ్డప్పుడు మిగతా చేపల్లాగే అటొక కన్ను, ఇటొక కన్ను ఉంటాయి. పెరిగేటప్పుడు కుడికన్ను తల మీదుగా జరిగి ఎడమవైపుకి చేరుతుంది. రెండు కళ్లూ పైకి పెట్టుకుని, అడుగు నేల రంగులోకి మారిపోయి, మీదుగా పోయే చిన్నచేప కోసం కాపు కాస్తుంది. కాబట్టి ఎర కదులుతూ ఉండాలి. కెప్టెన్ ఇంజను ఆపేసి పడవను గాలికీ ప్రవాహానికీ వదిలేస్తాడు. స్క్విడ్ ముక్క, చిన్న వెండిచేప గుచ్చిన గాలం, సీసం బరువుతో అడుగున ఈడ్చుకుంటూ సాగుతుంది. సీసం ఇసుకను తాకిన చప్పుడు కర్ర మీదున్న వేలికి తెలుస్తూ ఉండాలి. అది తెలియడం లేదంటే గాలం నీళ్లలో తేలుతోందనే అర్థం, ఎంతసేపు నిలబడ్డా దండగ. ఫ్లూక్ ముందు ఎర తోకను పట్టుకుంటుంది. కొత్తవాళ్లు ఆ తొలి కుదుపుకే కర్ర గుంజుతారు, ఎర సగం తెగి వస్తుంది. అలవాటున్నవాళ్లు కర్ర కొనను కొంచెం దించి, చేప పూర్తిగా మింగాక బరువుగా పైకెత్తుతారు. ఆటుకీ పోటుకీ మధ్య నీళ్లు నిలిచిపోయిన కాసేపు పడవ కదలదు, చేపలూ ముట్టవు. జనం సాండ్విచ్‌లు తీసేది అప్పుడే.

పక్కపక్కనే ముప్ఫై తాళ్లు నీళ్లలో ఉన్నాక చిక్కులు పడకుండా ఉండవు. అందుకే పార్టీ బోటు మర్యాదల్లో ఎక్కువ భాగం తాళ్ల గురించే. అందరూ ఒకే బరువు సీసం కట్టాలి, తేలిక సీసం కొట్టుకుపోయి పక్కవాడి తాడుకి చుట్టుకుంటుంది. తల మీదుగా విసరకూడదు, వెనక మనుషులుంటారు. హారన్ మోగగానే గాలాలు పైకి లాగేయాలి. పడవ కొట్టుకుపోయేటప్పుడు ఒక వైపు తాళ్లు దూరంగా సాగిపోతే, రెండో వైపువి పడవ కిందికి దూరతాయి. మంచి కెప్టెన్ ప్రతిసారీ పడవను తిప్పి పెట్టి, రెండు వైపులవాళ్లకూ వంతు ఇస్తాడు.

బ్లూఫిష్ వేట ఫ్లూక్ వేటకు పూర్తిగా భిన్నం. లంగరు వేసి, మెన్‌హేడెన్ అనే నూనె చేపను రుబ్బి గరిటెలతో నీళ్లలో పోస్తూ ఉంటారు. ఆ వాసనతో కూడిన నీటిధార పడవ వెనక్కి సాగుతుంది, దాన్ని పట్టుకుని చేపలు వస్తాయి. వెనక అంచున చోటు దొరికినవాడి పంట పండినట్టే. దానికోసం తెల్లవారకముందే వచ్చి రెయిలింగుకి కర్ర కట్టేసుకునేవాళ్లున్నారు. బ్లూఫిష్ పళ్లకు వేలు తెగుతుంది. దాని నోట్లోంచి గాలం తీయడం కలాసీలకే వదిలేయడం మంచిది. నూనె ఎక్కువున్న మాంసం, పట్టిన వెంటనే రక్తం తీసి ఐసులో పెట్టకపోతే సాయంత్రానికి పాడవుతుంది.

కలాసీల రాబడిలో పెద్ద భాగం టిప్పులే. టికెట్ ధరలో 15 నుంచి 20 శాతం ఇవ్వడం మామూలు. తిరుగుదారిలో చేపలు కోసి, ముల్లు లేని ముక్కలు చేసి సంచుల్లో పెట్టిచ్చేది వీళ్లే. తల, వెన్నుముల్లు విడిగా పోతాయి. న్యూజెర్సీ తెలుగిళ్లలో పులుసుకి అవే కావాలనుకునేవాళ్లు కత్తి పడకముందే చెప్పుకోవాలి.

పట్టిన ప్రతి చేపా ఇంటికి రాదు. చేపకో కనీస పొడవు, మనిషికో పరిమితి ఉంటాయి, అవి రాష్ట్రాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. ఫ్లూక్ విషయంలో అయితే పట్టిన వాటిలో ఎక్కువ భాగం పొడవు చాలక తిరిగి నీళ్లలోకే పోతాయి. డబ్బు కట్టి వచ్చినవాళ్లకు ఇది చేదుగానే ఉంటుంది. 2020లో బ్లూఫిష్ పరిమితిని తగ్గించినప్పుడు, సొంతంగా పట్టేవాళ్లకు రోజుకి 3, పార్టీ, చార్టర్ బోట్లలో వెళ్లేవాళ్లకు 5 అని నిర్ణయించారు. బోట్ల జీవనాధారాన్ని లెక్కలోకి తీసుకున్న తేడా అది. న్యూయార్క్‌లో పార్టీ బోటు ప్రయాణికులు సముద్రంలో చేపలు పట్టడానికి విడిగా పేరు నమోదు చేసుకోనక్కర్లేదు. కాలిఫోర్నియాలో మాత్రం 16 ఏళ్లు నిండిన ప్రతివారికీ లైసెన్సు ఉండాలి.

కడుపులో తిప్పే రకం మనుషులు మాత్ర ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుని లాభం లేదు. పడవ మధ్యలో నిలబడి దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీత వైపు చూడటం మేలు. గదిలోకి పోయి పడుకుంటే బాధ పెరుగుతుంది.

జనాన్ని ఎక్కించుకునే ఈ వ్యాపారానికి గట్టి నియమాలు ఒక ప్రమాదం తరవాతే వచ్చాయి. 1951 సెప్టెంబరు 1న, లేబర్ డే సెలవుల శనివారం, న్యూయార్క్ నుంచి చేపలవాళ్ల ప్రత్యేక రైలు మాంటాక్‌లో జనాన్ని దింపింది. 42 అడుగుల పెలికన్ అనే పడవలో కెప్టెన్, కలాసీతో కలిపి 64 మంది ఎక్కారు. మధ్యాహ్నం తిరిగొస్తుండగా గాలి ఎదురు తిరిగింది, ఒక ఇంజను ఆగిపోయింది. మాంటాక్ పాయింట్ దగ్గర అలల్లో పడవ తిరగబడి 45 మంది చనిపోయారు. అంతమందిని ఎక్కించకుండా ఆపే నియమం అప్పట్లో అలాంటి పడవకి లేదు. 1956లో వచ్చిన చట్టం, డబ్బు కట్టే ప్రయాణికులు ఆరుగురు దాటితే కోస్ట్ గార్డ్ తనిఖీ తప్పనిసరి చేసింది. చాలా చార్టర్ బోట్లు ఆరుగురి దగ్గర ఆగడానికీ కారణం అదే. తనిఖీ అయిన ప్రతి పార్టీ బోటులోనూ కోస్ట్ గార్డ్ ఇచ్చిన పత్రాన్ని ప్రయాణికులకు కనిపించేలా పెట్టాలి. ఎంతమంది ఎక్కవచ్చో అందులో రాసి ఉంటుంది.