సోమవారం కడుపునొప్పి

"తాతా, కడుపునొప్పి! ఈ పొద్దు హాస్టల్‌కు పోను." చింతామణి పక్క పల్లెల్లో సోమవారం పొద్దున ఈ మాట వినపడని ఇల్లుందా? అవ్వ వామునీళ్లు కాస్తుంది. నాయన "దొంగ నొప్పి" అని కసురుకుంటాడు. నన్నడిగితే నొప్పి నిజమే అంటాను. మెదడు నుంచి పేగుల దాకా వేగస్ అని ఒక పొడవాటి నరం ఉంది. ఇక్కడి సంగతులు అక్కడికి, అక్కడివి ఇక్కడికి మోయడమే దాని పని. అందుకే తలలో గుబులు పుడితే కడుపులో మెలిపెడుతుంది.

ఆ గుబులెందుకో చూడండి. 2011 లెక్కల ప్రకారం మన చిక్కబళ్లాపురం జిల్లాలో నూటికి 12 మంది షెడ్యూల్డ్ తెగలవాళ్లే. వాళ్లలో ఒక వాల్మీకి నాయకుల పిల్లను తీసుకోండి. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. చిన్న వయసులోనే హాస్టల్లో చేరింది, పెద్దమనిషి అయ్యిందీ అక్కడే. రాత్రి ఏడుపొస్తే వార్డెనమ్మ దగ్గరికి పోయి "హొట్టె నోవు" అంటుంది. కడుపునొప్పికి కన్నడం వచ్చు. దిగులుకు ఇంకా రాలేదు మరి!

దిగులును దిగులని పైకి చెప్పడంలో ఏముందంటారా? 2007లో అమెరికాలో లీబర్‌మన్ బృందం కొందరికి కోపం, భయం నిండిన మొహాల బొమ్మలు చూపించి మెదడును స్కాన్ చేసింది. మెదడులో బాదంగింజలాంటి అమిగ్డలా అనే భాగముంది, ప్రమాదమని గంట కొట్టేది అదే. ఆ మొహంలో ఉన్నది ఏమిటో మాటతో గుర్తించినప్పుడు దాని హడావుడి తగ్గింది. "ఏమైందో నోరు తెరిచి చెప్పవే" అని మా అవ్వ స్కానర్ లేకుండానే అనేది.

సరే, ఎవరితో చెప్పాలి? బీహార్ నలంద జిల్లాలో 'సెహర్' పేరుతో 74 బళ్లలో ఒక పరీక్ష చేశారు. కొన్ని బళ్లలో పిల్లల గోడు వినే పనిని టీచర్లకే అప్పజెప్పారు. ఇంకొన్నింటిలో అదే పనికి శిక్షణ ఇచ్చి బయటి మనిషిని పెట్టారు. ఆయన డాక్టరూ కాదు, పంతులూ కాదు. 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. బయటి మనిషి ఉన్న బళ్లలో పిల్లల దిగులు, కొట్లాటలు తగ్గాయి. టీచర్ల బళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నేనూ బడిపంతులుగా చేసినవాణ్ణే, ఇది చదివి ముందు ఉక్రోషమొచ్చింది. తరువాత ఆలోచిస్తే, మార్కులు వేసే మనిషి ముందు నేనైనా నోరు విప్పుతానా?

2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమం బడికి ఇద్దరు టీచర్లనే నమ్ముకుంది. తప్పనను, చాలదంటాను. ఇంటి భాష వచ్చిన ఒక అక్క హాస్టల్‌కు కావాలి, మన ఊరి మనిషైతే ఇంకా మేలు.

ఆ అక్క వచ్చేలోగా పిల్ల నోట్‌బుక్ అట్ట మీద 14416 అని రాసిపంపండి. అది మనసు బాధ చెప్పుకునే టెలిమానస్ నెంబరు. రేయింబవళ్లు పలుకుతుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్ల అడిగినప్పుడు ఒక పది నిమిషాలు ఫోను చేతికిమ్మని వార్డెనమ్మతోనూ చెప్పిరండి.