కరెంటు మీద బతికే చేపలు

చేపల పెంపకానికి మా శాఖకు వచ్చే రుణ దరఖాస్తుల్లో ఇప్పుడు చెరువులతో పాటు ట్యాంకులూ కనిపిస్తున్నాయి. వాడిన నీటినే శుద్ధి చేసి మళ్లీ ట్యాంకులోకి పంపే ఈ పద్ధతిని ఆర్‌ఏఎస్ అంటారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో దీనికి యూనిట్ వ్యయంపై సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ ప్రకటించారు. మీ ఇంట్లోనూ ఎవరైనా "మనమూ పెడదామా" అంటే, సబ్సిడీ కంటే ముందు ఆ ట్యాంకులో చేపకు రోజెలా గడుస్తుందో తెలుసుకోవాలి.

చేప విసర్జించే అమ్మోనియా ఎక్కువగా మొప్పల ద్వారానే నీటిలోకి వస్తుంది. చెరువులో నాచు, అడుగు మట్టి దాన్ని కొంత సర్దుతాయి. ట్యాంకులో ఆ పని బయోఫిల్టర్‌లోని బ్యాక్టీరియాది. అది అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ట్యాంకులు సిద్ధమైన మర్నాడే నిండుగా పిల్లల్ని వదిలితే అవి తమ మురికిలోనే అల్లాడిపోతాయి. వాయిదాల లెక్కలో ఈ వారాలు కలపమని రిపోర్టు తెచ్చిన ప్రతివారికీ చెబుతుంటాను. నైట్రైట్ పెరిగితే చేప రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ ఉన్నా ఊపిరాడదు. నీటిలో కొద్దిగా ఉప్పు వేసి ఉంచేది ఇందుకే. ఉప్పులోని క్లోరైడు నైట్రైట్‌ను మొప్పల దగ్గరే చాలావరకు అడ్డుకుంటుంది.

తనిఖీలో పంపులు, డ్రమ్ ఫిల్టర్ల నంబర్లు రాసుకోవడం ఎలాగూ తప్పదు. నేను మాత్రం మేత వేళకు చేరుకునేలా చూసుకుంటాను. మేత పడగానే చేపలు ఎగబడాలి. ముట్టకపోతే ఆ పూట మేత ఆపి ముందు నీరు పరీక్షించాలి. పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తగ్గిందేమో చూడాలి. లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గనివ్వకూడదు. బ్యాక్టీరియా పని చేసేకొద్దీ నీటి క్షారత తరుగుతుంది, వంటసోడాతో సరిచేస్తారు. ఇవన్నీ ఏ రోజుకారోజు పుస్తకంలోకి ఎక్కాలి. ఒకే పెన్నుతో, ఒకే కూర్చోడంలో నెల రోజులు నింపిన పుస్తకం మన బ్యాంకువాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది!

కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కనుక కాస్త తట్టుకుంటుంది. అయితే సైజుల్లో తేడా వస్తే పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి, తరచూ వేరు చేస్తుండాలి. తిలాపియాకు ఆ వెసులుబాటు లేదు. కిక్కిరిసిన ట్యాంకులో కరెంటు పోయి గాలి ఆగితే అరగంటలోపే చావులు మొదలుకావచ్చు. అందుకే జనరేటర్ ఉందా అని అడిగి ఊరుకోను. మెయిన్ దించి, ఎన్ని నిమిషాల్లో అందుకుంటుందో చూపించమంటాను. రాత్రి కాపలా మనిషికి దాన్ని స్టార్ట్ చేయడం రాకపోతే, నా నివేదికలో మొదటి వాక్యం అదే.