పడిలేచిన జట్టు

ఆటలో గెలుపోటములు సహజమని పెద్దలు చెబుతూ ఉంటారు. కాని ఓటమి వెంట ఓటమి ఎదురవుతున్న జట్టుకు ఆ మాట ఊరట కలిగించదు. ఓటమి అలవాటుగా మారినప్పుడు క్రీడాకారుని బలం కన్నా ముందు అతని నమ్మకం సన్నగిల్లుతుంది. నమ్మకం సడలిన జట్టు మళ్లీ నిలదొక్కుకోవడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. అయితే ఒకే ఒక్క సంవత్సరంలో అట్టడుగు నుండి అగ్రస్థానానికి చేరుకున్న జట్టు ఒకటి ఉంది. అదే అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందిన సెల్టిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు. 2006-07లో 82 ఆటలు ఆడి 24 మాత్రమే గెలిచిన ఆ జట్టు, 2007-08లో 66 ఆటలు గెలిచి విజేతగా నిలిచింది. ఒక్క ఏడాదిలో 42 విజయాలు అధికంగా సాధించడం అమెరికా వృత్తి క్రీడాకారుల బాస్కెట్‌బాల్ చరిత్రలో అంతకు ముందు ఎన్నడూ జరగలేదు. ఈ మార్పు ఎలా సంభవించిందో తెలుసుకోవాలంటే ముందుగా ఆ ఆటను గురించి, ఆ జట్టును గురించి కొంత తెలుసుకోవాలి.

బాస్కెట్‌బాల్ పుట్టిన చోటు కూడా బోస్టన్ ఉన్న మాసాచుసెట్స్ రాష్ట్రమే. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు, మంచు కురిసే కాలంలో విద్యార్థులు నాలుగు గోడల నడుమ ఆడుకోవడానికి వీలుగా ఈ ఆటను రూపొందించాడు. పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని వ్యాయామశాలకు ఇరువైపులా ఎత్తున బిగించి, వాటిలో బంతి వేయడమే లక్ష్యంగా పెట్టాడు. ఒక్కొక్క పక్షాన ఒకేసారి ఐదుగురు ఆడతారు. అమెరికాలోని వృత్తి క్రీడాకారుల పోటీలను జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం నిర్వహిస్తుంది. దానినే అందరూ ఎన్.బి.ఎ. అని పిలుస్తారు. ఇందులోని 30 జట్లు తూర్పు, పడమర విభాగాలుగా ఏర్పడి ఒక్కొక్కటి 82 ఆటలు ఆడతాయి. ప్రతి విభాగంలోనూ ఎనిమిది జట్లు తుది దశ పోటీలకు అర్హత పొందుతాయి. అక్కడ ఏడు ఆటల వరుసలో నాలుగు ముందుగా గెలిచిన జట్టు తదుపరి అంచెకు చేరుతుంది. అలా నాలుగు అంచెలు దాటినదే విజేత.

సెల్టిక్స్ జట్టు 1946లో ఏర్పడింది. రెడ్ అవర్‌బాక్ శిక్షణలో, బిల్ రసెల్ వంటి మహాక్రీడాకారుని అండతో అది దిగ్విజయాలు సాధించింది. 1957 నుండి 1969 వరకు గల 13 ఏళ్లలో 11 సార్లు విజేతగా నిలిచింది. 1980వ దశకంలో లారీ బర్డ్ కాలంలో ఆ వైభవం మరల వెలిగింది. 1986 నాటికి జట్టు ఖాతాలో 16 విజేత పతాకాలు చేరాయి. ఆ తరువాత దురదృష్టం వెన్నాడింది. 1986 జూన్‌లో జట్టు ఎంపిక చేసుకున్న లెన్ బయస్ అనే యువకుడు రెండు రోజులలోనే మరణించాడు. 1993లో జట్టు నాయకుడు రెజీ లూయిస్ గుండె జబ్బుతో అకాల మరణం పొందాడు. క్రీడాప్రాంగణం కప్పు నుండి వేలాడే పాత పతాకాలు గత వైభవాన్ని గుర్తుచేస్తూ ఉండేవి. కొత్త పతాకం మాత్రం రాలేదు.

2006 అక్టోబరు 28న అవర్‌బాక్ 89 ఏళ్ల వయస్సులో కన్నుమూశాడు. జట్టుకు పెద్దదిక్కు పోయిన కొద్ది రోజులకే కొత్త పోటీలు మొదలయ్యాయి. జట్టు నాయకుడు పాల్ పియర్స్ కాలికి గాయమై చాలా ఆటలకు దూరమయ్యాడు. 2007 జనవరి, ఫిబ్రవరి నెలలలో సెల్టిక్స్ వరుసగా 18 ఆటలు ఓడిపోయింది. జట్టు చరిత్రలో అంతటి పరాజయ పరంపర మరొకటి లేదు. ఆ ఏడాది ముగిసేసరికి 24 విజయాలు, 58 ఓటములు మిగిలాయి. మొత్తం 30 జట్లలో అంతకంటె వెనుకబడిన జట్టు ఒకే ఒక్కటి.

ఎన్.బి.ఎ.లో ఓడిన జట్టుకు ఒక ఆశ ఉంటుంది. ఏటా కొత్తగా వచ్చే యువ క్రీడాకారులను ఎంపిక చేసుకునే వరుసలో వెనుకబడిన జట్లకు ముందు స్థానాలు దక్కే అవకాశం ఎక్కువ. బలవంతులు మరింత బలపడకుండా, బలహీనులు కోలుకునేలా చేసిన ఏర్పాటు ఇది. అయితే కావాలని ఓడిపోవడాన్ని నివారించడానికి తొలి స్థానాలను లాటరీ ద్వారా నిర్ణయిస్తారు. ఆ సంవత్సరం గ్రెగ్ ఓడెన్, కెవిన్ డ్యురాంట్ అనే ఇద్దరు యువకులపై అందరి దృష్టి ఉంది. వారిలో ఒకరైనా తమకు దక్కుతారని బోస్టన్ అభిమానులు ఆశించారు. 2007 మే నెలలో జరిగిన లాటరీలో సెల్టిక్స్‌కు ఐదవ స్థానం వచ్చింది. ఆ జట్టుకు రాగల స్థానాలలో అంతకంటె దిగువది లేదు. ఓటమి ఇవ్వగల ఒక్క ప్రతిఫలం కూడా చేజారిపోయింది.

ఆ నిరాశలోనే మార్పునకు బీజం పడింది. జట్టు వ్యవహారాల అధిపతి డానీ ఏంజ్ ఒకప్పుడు సెల్టిక్స్ తరఫున ఆడి 1984, 1986 విజయాలలో పాలుపంచుకున్నవాడు. యువకులు ఎదిగే వరకు మరికొన్ని ఏళ్లు వేచి ఉండడమా, ఉన్న యువకులను ఇచ్చి అనుభవజ్ఞులను తెచ్చుకోవడమా అనే ప్రశ్న అతని ముందు నిలిచింది. పియర్స్ అప్పటికే తొమ్మిదేళ్లుగా ఆ జట్టు బరువు మోస్తున్నాడు. అతని సత్తువ ఉడగక ముందే ఏదో ఒకటి చేయాలి. ఏంజ్ రెండవ మార్గాన్ని ఎంచుకున్నాడు. జూన్ 28న ఐదవ స్థానపు ఎంపికను, మరో ఇద్దరు ఆటగాళ్లను సియాటిల్ జట్టుకు ఇచ్చి రే అలెన్‌ను తెచ్చాడు. దూరం నుండి గురి తప్పక బంతి వేయడంలో అలెన్ దిట్ట. జూలై 31న మిన్నెసోటా జట్టు నుండి కెవిన్ గార్నెట్‌ను తీసుకున్నాడు. ఆ ఒక్కని కోసం అల్ జెఫర్‌సన్‌తో కలిపి ఐదుగురు క్రీడాకారులను, భావి ఎంపికలు రెండింటిని వదులుకున్నాడు. కొన్ని వారాలలోనే జట్టు రూపురేఖలు మారిపోయాయి.

ఈ ముగ్గురూ పేరుప్రతిష్ఠలు గడించినవారే. కాని ముగ్గురికీ ఒకే కొరత ఉంది. ఎవరూ విజేత జట్టులో సభ్యులు కాలేదు. గార్నెట్ పన్నెండేళ్లు మిన్నెసోటాకు సేవచేసి, 2004లో ఆ ఏటి ఉత్తమ క్రీడాకారునిగా గౌరవం పొందాడు. అయినా అతని జట్టు తుది దశలో మొదటి అంచె దాటినది ఆ ఒక్క ఏడాదే. ముగ్గురికీ ముప్పై ఏళ్లు దరిదాపుల్లోకో, ఆ పైకో వచ్చాయి. కనుక సమయం తక్కువ. పైగా ప్రతివారూ తమ తమ జట్లలో తామే ప్రధానులుగా ఆడినవారు. బంతి ఒక్కటే. దానిని ఎవరు వేయాలి? ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవనే లోకోక్తి ఉండగా, ఇక్కడ మూడు కత్తులు ఇమడవలసి వచ్చింది.

ఈ చిక్కును ప్రధాన శిక్షకుడు డాక్ రివర్స్ ముందుగానే గ్రహించాడు. ఉభయచర వాహనాలలో క్రీడా విజేతలను ఊరేగించడం బోస్టన్ ఆచారం. పోటీలు ప్రారంభం కాకముందే అతడు ఆ ముగ్గురినీ అటువంటి వాహనంలో ఎక్కించి, విజయయాత్ర సాగే వీథులలో తిప్పాడు. వారి ముందున్న గమ్యమేమిటో కళ్లకు కట్టించాడు. అక్టోబరులో జట్టంతా ఇటలీలోని రోమ్ నగరంలో కలిసి సాధన చేసింది. పరాయి దేశంలో కలిసి తిని, కలిసి తిరగడం వల్ల వారి మధ్య చనువు పెరిగింది. దక్షిణాఫ్రికా ప్రజల భాషలలోని ‘ఉబుంటు’ అనే పదాన్ని రివర్స్ జట్టుకు నినాదంగా ఇచ్చాడు. ఇతరుల వల్లనే మనిషి మనిషి అవుతాడని, ఒకరి మేలు అందరి మేలులోనే ఇమిడి ఉందని దాని భావం. ప్రతి సాధనలోనూ, ప్రతి ఆటలోనూ అందరూ చేతులు కలిపి ఆ మాటను ఎలుగెత్తి పలికేవారు.

నినాదం పలకడం సులభం. ఆచరించడమే కష్టం. ఆచరించారనడానికి లెక్కలే సాక్ష్యం. అంతకు ముందు సంవత్సరం ఆటకు సగటున అలెన్ 26.4, పియర్స్ 25.0, గార్నెట్ 22.4 పాయింట్లు సాధించారు. సెల్టిక్స్‌లో కలిసి ఆడిన తొలి సంవత్సరంలో ఆ సగటులు వరుసగా 17.4, 19.6, 18.8కి తగ్గాయి. ముగ్గురి సొంత లెక్కలూ తగ్గాయి. జట్టు విజయాల లెక్క మాత్రం దాదాపు మూడింతలకు చేరువయింది. తమకు మంచి అవకాశం ఉన్నప్పుడు కూడా అంతకంటె మంచి చోట నిలిచిన సహచరునికి బంతి అందించడమే ఇందులోని కిటుకు.

విజయానికి మరో మూలం రక్షణ. ఆ వేసవిలోనే సహాయ శిక్షకునిగా చేరిన టామ్ థిబొడో రక్షణ వ్యూహాన్ని తీర్చిదిద్దాడు. ఎవరి ప్రత్యర్థిని వారు చూసుకుంటే చాలునన్న పద్ధతిని విడిచి, బంతి ఉన్న వైపునకు జట్టంతా ఒరిగి నిలిచే పద్ధతిని నేర్పాడు. ప్రత్యర్థి ఒకరిని దాటితే మరొకరు అడ్డు నిలవాలి. ఆ రెండవవాడు విడిచిన చోటును మూడవవాడు కాపాడాలి. ఇందుకు నిరంతరం మాట్లాడుకుంటూ, హెచ్చరించుకుంటూ ఉండాలి. గార్నెట్ వెనుక నిలిచి అందరినీ కేకలతో నడిపించాడు. అందుకే ఆ ఏటి ఉత్తమ రక్షణ క్రీడాకారుని బహుమతి అతనికి లభించింది. సెల్టిక్స్ ప్రత్యర్థులు ఆటకు సగటున 90.3 పాయింట్లు మాత్రమే సాధించగలిగారు.

ముగ్గురి వల్లనే జట్టు గెలిచిందనుకోవడం పొరపాటు. బంతిని నడిపించే బాధ్యత రాజన్ రాండో అనే రెండవ ఏటి యువకునిపై పడింది. ఉన్నత పాఠశాల నుండి నేరుగా ఈ రంగంలోకి వచ్చిన కెండ్రిక్ పెర్కిన్స్ బుట్ట కింద కాపలా కాశాడు. జేమ్స్ పోసీ, ఎడ్డీ హౌస్, లియాన్ పో వంటివారు మొదటి ఐదుగురిలో లేకపోయినా, పిలిచినప్పుడు వచ్చి తమ వంతు పని చేశారు. 2007 నవంబరు 2న వాషింగ్టన్‌పై 103-83 తేడాతో మొదలైన జైత్రయాత్ర, తొలి 32 ఆటలలో 29 విజయాలుగా సాగింది.

అయితే తుది దశ పోటీలు పూలబాట కాలేదు. 37 ఆటలు మాత్రమే గెలిచిన అట్లాంటా జట్టు మొదటి అంచెలోనే సెల్టిక్స్‌ను ఏడవ ఆట వరకు లాగింది. రెండవ అంచెలో క్లీవ్‌లాండ్ కూడా ఏడవ ఆట వరకు నిలిచింది. ఈ రెండు అంచెలలో పరాయి నేలపై ఆడిన ఆరు ఆటలనూ సెల్టిక్స్ ఓడిపోయింది. క్లీవ్‌లాండ్‌తో ఏడవ ఆటలో లెబ్రాన్ జేమ్స్ 45 పాయింట్లు సాధించగా, పియర్స్ 41 సాధించి దీటుగా నిలిచాడు. సెల్టిక్స్ 97-92 తేడాతో గట్టెక్కింది. మూడవ అంచెలో డెట్రాయిట్‌ను ఆరు ఆటలలో ఓడించి, చిరకాల ప్రత్యర్థి అయిన లాస్ ఏంజెలెస్ లేకర్స్‌తో అంతిమ పోరుకు సిద్ధమైంది.

పియర్స్ పెరిగినది లేకర్స్ క్రీడాప్రాంగణానికి సమీపంలోని ఇంగిల్‌వుడ్‌లో. బాల్యంలో అతడు లేకర్స్ అభిమాని. మొదటి ఆటలో అతని మోకాలికి దెబ్బ తగలగా చక్రాల కుర్చీలో బయటకు తీసుకువెళ్లారు. కొద్దిసేపటికే తిరిగి వచ్చి జట్టును గెలిపించాడు. రెండవ ఆటలో లియాన్ పో పదిహేను నిమిషాల లోపే ఆడి 21 పాయింట్లు సాధించాడు. లాస్ ఏంజెలెస్‌లో జరిగిన నాల్గవ ఆటలో 24 పాయింట్లు వెనుకబడి కూడా సెల్టిక్స్ పుంజుకొని 97-91తో గెలిచింది. 2008 జూన్ 17న బోస్టన్‌లో జరిగిన ఆరవ ఆటలో 131-92 తేడాతో లేకర్స్‌ను చిత్తుచేసి 17వ పతాకాన్ని గెలుచుకుంది. 22 ఏళ్ల నిరీక్షణ ఫలించింది. అంతిమ పోరులో ఉత్తమ క్రీడాకారునిగా పియర్స్ ఎంపికయ్యాడు. కొద్ది రోజులలోనే జట్టు ఆ ఉభయచర వాహనాలలో, ఆ వీథులలోనే ఊరేగింది.

నాణేనికి రెండవ వైపు కూడా చూడాలి. గార్నెట్‌ను కోల్పోయిన మిన్నెసోటా ఆ ఏడాది 22 ఆటలే గెలిచింది. అలెన్‌ను వదులుకున్న సియాటిల్ 20 మాత్రమే గెలిచి, 2008లో ఊరే మారి ఓక్లహోమా నగరానికి తరలిపోయింది. ఒక నగరపు పండుగ వెనుక మరో నగరపు వెలితి ఉంటుంది. సెల్టిక్స్‌కు కూడా ఆ వైభవం చిరకాలం నిలువలేదు. ఆ ముగ్గురూ కలిసి మరల విజేతలు కాలేదు. 2010 అంతిమ పోరులో లేకర్స్ చేతిలో ఏడవ ఆటలో ఓడిపోయారు. 2012లో అలెన్, 2013లో గార్నెట్, పియర్స్ జట్టును వీడారు. 18వ పతాకం 2024లో మరో తరం చేతుల మీదుగా వచ్చింది.

అయినా 2007-08 నాటి విజయం ఆ ఆటను ప్రేమించేవారి మనస్సులలో చెరగని ముద్ర వేసింది. గొప్పవారిని ఒకచోట చేర్చినంత మాత్రాన గొప్ప జట్టు ఏర్పడదు. గడ్డిపరకలు వేరువేరుగా ఉన్నంతకాలం గాలికి ఎగిరిపోతాయి. పేనితేనే తాడవుతాయి. పేనేటప్పుడు ప్రతి పరకా కొంత ఒదిగి ఉండక తప్పదు. ముగ్గురు మేటి క్రీడాకారులు తమ కీర్తిలో కొంత భాగాన్ని విడిచి, తమలో ఏ ఒక్కరికీ ఒంటరిగా దక్కనిదానిని అందరూ కలిసి అందుకున్నారు. పడిన జట్టు లేచి నిలవడానికి తోడ్పడినది ఆ త్యాగమే.