స్కానర్‌లో ఎర్రర్ లేదు.. అయినా పాత కారు ఫిట్‌నెస్ టెస్ట్‌లో ఎందుకు ఆగింది?

మా నాన్న పెట్రోల్ కారు 2010 మోడల్. 15 ఏళ్లు నిండాయి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. ముందు రోజు బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి చూశా, ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదు. ధీమాగా వెళ్తే మూడింటి దగ్గర ఆగింది: హెడ్‌లైట్, హ్యాండ్‌బ్రేక్, అరిగిన వెనక టైర్లు.

కారణం సింపుల్. ఈ స్కానర్ ప్రధానంగా చూసేది ఇంజిన్‌నీ, పొగకి సంబంధించిన సెన్సార్లనీ. మన కర్నూలు, కడప ఎండ దెబ్బ తీసేది రబ్బరుని, ప్లాస్టిక్‌ని. హెడ్‌లైట్ కవర్ పసుపెక్కుతుంది, టైరు పక్కలు పగుళ్లిస్తాయి. వాటికి ఎర్రర్ కోడ్ ఉండదు.

వెళ్లే ముందు ఇవి చూస్కోండి:

• టైరు గాడి లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలి.
• టైరు మీది డాట్ కోడ్‌ని ఫోన్‌లో జూమ్ చేయండి. చివర 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనట్టు.
• రాత్రి గోడకి ఎదురుగా కారు నిలిపి, రెండు లైట్లూ ఒకే ఎత్తులో పడుతున్నాయేమో చూడండి.
• కొంచెం వాలులో హ్యాండ్‌బ్రేక్ ఆపుతోందా చూడండి.

రిపేర్లు చేయించాక మా కారు పాసైంది. రెన్యువల్ 5 ఏళ్లకి ఇస్తారు, కానీ టెస్ట్ చెప్పేది ఆ ఒక్క రోజు కండిషన్ మాత్రమే. మే నెల ఎండలో కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడప దాకా పరిగెత్తే టైరుకి సర్టిఫికెట్ సంగతి తెలీదు. అందుకే ఏటా ఎండాకాలానికి ముందు ఈ లిస్ట్ మనమే చెక్ చేస్కోవాలి.