కోడెకు విత్తులు కొట్టించుట యెప్పుడు?

ఒంగోలు కోడెకు విత్తులెప్పుడు కొట్టింపవలెనని రైతులు మమ్ము తఱచుగ నడుగుచుందురు. పసితనముననే కొట్టించినచో బాధ తక్కువ, సాధుత్వ మెక్కువ. కాని మెడయు మూపురమును అంతగా బలియవు. ఆ లోపము కాడి క్రింద కనబడును. (బ్రెజిలు దేశమున మన ఒంగోలు సంతతిని నెలోరె యను పేర మాంసమునకై పెంచువారిలో పలువురు విత్తులుంచియే పెంచుదురు. కోడె త్వరగా బరువెక్కును గాని క్రొవ్వు చాలదు. మనకు వలసినది కాడి.) కావున రెండు పండ్లు వేయువఱకు ఆగుట మేలని మా యభిప్రాయము.

అయితే ఆగువాడు కోడెను కట్టివేయవలెను. ఊరిమందలో విడిచినచో ఎదకు వచ్చిన పొరుగువాని ఆవును అది చూలు చేయును. మేలైన ఆబోతుకు పుట్టవలసిన దూడ నాసిదై పుట్టును. ఆ నష్టమునకు పరిహార మిచ్చిన కోడెదారుని మేమింతవఱకు చూచియుండలేదు. కట్టివేయు వసతి లేనివారు ఏడాదిలోపుననే కొట్టించుట న్యాయము.

కఱ్ఱల నడుమ నలుగగొట్టు పాతపద్ధతి క్రూరము. బర్డిజో పటకారుతో చర్మము తెగదు, రక్తము కారదు. పశువైద్యునిచే, నొప్పి తెలియకుండ మందిప్పించి, ఒక్కొక్క విత్తునరమును విడివిడిగ నొక్కింపవలెను. రెండు నొక్కులును ఒకే గీతపై పడరాదు. పిమ్మట నెలకు పైగా కోడెను ఆవులకు దూరముగ నుంచుడు. ఆఱు వారములకు తడిమి చూచి, విత్తులు కుంచింపనిచో మరల వైద్యునికి చూపుడు.