తెల్లపంచె, నల్లగొడుగు, కెమేరా కన్ను

ఛాయాచిత్రణాన్ని గురుముఖతః అభ్యసించినవారు మనలో బహు కొద్దిమంది. ఉద్యోగ బాధ్యతల నడుమ, పిల్లల పుట్టినరోజులకూ ఉగాది వేడుకలకూ కెమేరా చేతబట్టి, తమంత తాముగా నేర్చుకొన్నవారే ఎక్కువ. ఇందులో చిన్నతనమేమీ లేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారులై, 1894లో ‘రాజా’ బిరుదు పొందిన లాలా దీనదయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివినవారు. ఇండోర్‌లో ప్రభుత్వ మరామతు శాఖలో ఉద్యోగం చేస్తూ, 1874 ప్రాంతంలో ఛాయాచిత్రణాన్ని ఒక వ్యాసంగంగా చేపట్టారు.

స్వయంకృషితో నేర్చుకొనేవారికి కొంతకాలానికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఎన్ని ఫోటోలు తీసినా అభివృద్ధి కనిపించదు. దోషం కెమేరాదే అనుకొని మరింత ఖరీదైనదాన్ని కొంటాము. దానిలోనూ తెల్లని మంచు బూడిదరంగుగానే పడుతుంది. కిటికీ ముందు కూర్చున్న అమ్మమ్మ ముఖం నల్లగానే వస్తుంది. కెమేరా వెలుగును ఏ విధంగా కొలుస్తుందో గ్రహించనంతవరకు ఈ చిక్కు వీడదు.

కెమేరా లెక్క

వస్తువుల మీదినుండి పరావర్తనం చెంది తనలోకి వచ్చే వెలుగును కెమేరా కొలుస్తుంది. అంతేగాని, ఎదురుగా ఉన్నది తెల్లని వస్తువా, నల్లని వస్తువా అన్న వివేకం ఆ కొలతకు లేదు. అందుచేత దృశ్యం మొత్తం మీద నడిమి ఛాయలో ఉంటుందని అది ఊహిస్తుంది. ఛాయాచిత్రకారులు ప్రమాణంగా వాడే బూడిదరంగు అట్ట తనపై పడిన వెలుగులో 18 శాతాన్ని పరావర్తనం చేస్తుంది. కెమేరా ఊహించే ఛాయ కూడా ఇంచుమించు అటువంటిదే. నేటి కెమేరాలూ ఫోన్లూ ముఖాలను గుర్తించి ఈ లెక్కను కొంత సవరించుకొంటున్నా, పొరపాటు పూర్తిగా తొలగలేదు.

దీనిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక తెల్లపంచెను, ఒక నల్లగొడుగును ఒకే వెలుగులో ఉంచండి. ఫోటో అంతా పంచే నిండేటట్లు ఒకటి, గొడుగే నిండేటట్లు మరొకటి, కెమేరా ఇష్టానికే వదిలి తీయండి. పంచె మాసినట్లు, గొడుగు వెలిసినట్లు, రెండూ ఇంచుమించు బూడిదరంగుకు చేరువై కనిపిస్తాయి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చేస్తే, ఇది వారికీ మంచి విజ్ఞానపాఠం.

దీనికి విరుగుడు సులువు. కెమేరాలలో కూడిక, తీసివేత గుర్తులు గల మీట ఒకటి ఉంటుంది. దానిని +1కి జరిపితే ఫోటోకు రెట్టింపు వెలుగు అందుతుంది. +2కి జరిపితే నాలుగు రెట్లు. మంచు దృశ్యాలకు +1 నుండి +2 వరకు పెంచాలి. నల్లని వస్తువు నిండిన దృశ్యానికి తగ్గించాలి. చాలా ఫోన్లలో తెరను తాకినప్పుడు సూర్యుని గుర్తు కనిపిస్తుంది. దానిని వేలితో పైకి జరిపితే వెలుగు పెరుగుతుంది.

మన ముఖాలు, మన ఛాయలు

ఈ విషయం మనవంటివారికి మరింత ముఖ్యం కావడానికి ఒక చారిత్రక కారణమున్నది. 20వ శతాబ్దిలో దశాబ్దాల తరబడి, రంగుల ఫోటోలు ముద్రించే ప్రయోగశాలలు ఒక యువతి చిత్రాన్ని ప్రమాణంగా పెట్టుకొని రంగులను సరిచూసుకొనేవి. కోడక్ సంస్థ పంపిన ఆ నమూనా చిత్రాలకు ‘షర్లీ కార్డులు’ అని పేరు. వాటిలోని యువతులు తెల్లని మేనిఛాయ గలవారు. ఆ ఛాయకు కుదిరిన రంగులు చామనఛాయవారికీ నల్లనివారికీ కుదరలేదు. పలు జాతుల ముఖాలున్న నమూనాలు 1990లలో గాని రాలేదు. 2021లో గూగుల్ సంస్థ తన పిక్సెల్ 6 ఫోనులో అన్ని మేనిఛాయలనూ సరిగా చూపడానికి ప్రత్యేక ఏర్పాటు చేసింది. కాబట్టి పాత ఆల్బములలో మన పెద్దల ముఖాలు మసకబారి కనిపిస్తే, ఆ దోషాన్ని వారి మేనిఛాయకు అంటగట్టరాదు.

ముఖాన్ని చక్కగా పట్టాలంటే ముందుగా ముఖం మీది వెలుగును చూడాలి. కిటికీ వీపు వెనుక ఉంటే, కెమేరా కిటికీ వెలుగును లెక్కించి ముఖాన్ని చీకటి చేస్తుంది. కూర్చున్నవారిని కొంచెం పక్కకు తిప్పి, కిటికీ వెలుగు చెంపమీద పడేటట్లు చేస్తే చాలు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

సంఘం వేడుకలలో ఫ్లాష్ వాడేటప్పుడు మరొక సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. దూరం రెట్టింపయితే దాని వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. 2 మీటర్ల దూరంలోని ముందు వరుస పాలిపోతే, 4 మీటర్లలోని వెనుక వరుస చీకటిలో మునుగుతుంది. అందరినీ కెమేరాకు ఇంచుమించు సమాన దూరంలో, అర్ధచంద్రాకారంలో నిలబెట్టడం మేలు.

సాధన

ఒక్కసారికి ఒక్క అంశాన్నే మార్చి చూడండి. వాకిట్లోని తులసికుండీనో, వంటింటి కిటికీ దగ్గరి బిందెనో ఎంచుకొని ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం −1, 0, +1 లతో మూడేసి ఫోటోలు తీయండి. ఏది ఎందుకు నచ్చిందో ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోండి. కెమేరా అంకెలన్నీ ఫోటోతోపాటే భద్రమవుతాయి గాని, వెలుగు ఏ దిక్కునుండి పడిందో, మీరేమి ఆశించారో అందులో ఉండదు. చెడిన ఫోటోను కూడా కారణం తెలుసుకొన్న తరువాతే చెరపండి.

సెలవులకు స్వదేశం వెళ్ళే లోపున నెలరోజులు ఈ సాధన చేయండి. ఊళ్ళోని పెద్దల ముఖాలను వారి సహజమైన ఛాయలో, స్పష్టంగా మన పిల్లలకు అందించడానికి మనకు దొరికే అవకాశాలు లెక్కకు మించి ఉండవు.